మీటరు పెట్టకుండా ఫ్యూయల్ పంపు మార్చవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. దారిలో ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ స్టార్ట్ కాని పెట్రోలు పికప్ గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు మీ వాహనాల పేజీలో ఇటీవల ఇచ్చిన సమాధానం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి చూడమని, అప్పుడు బండి స్టార్టయితే ట్యాంకులోంచి ఇంజిన్‌కు పెట్రోలు పంపే ఫ్యూయల్ పంపు పోయినట్టేనని, ఆలస్యం చేయకుండా కొత్తది వేయించుకోమని ఆ సమాధానం సారాంశం. చెప్పినవారి ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. దారిలో చిక్కుకున్న మనిషిని ఇల్లు చేర్చే ఉపాయం అది, నన్ను కూడా రెండుసార్లు ఇల్లు చేర్చింది. అయితే పంపు పోయిందని తేల్చడానికి ఆ దెబ్బ ఒక్కటే చాలదు. దాన్ని నమ్మి నేను ఒకే బండికి రెండు పంపులు మార్చాను. ఆ రెండుసార్లూ లోపం పంపులో లేదు.

నేను 22 ఏళ్లుగా సొంత పికప్‌తో సరుకు రవాణా చేస్తున్నాను. వీలైనంతవరకు మరమ్మతులు నేనే చేసుకుంటాను. నాలుగేళ్ల క్రితం, నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుండగా బండి రెండు మూడు సార్లు కుదుపిచ్చి ఆగిపోయింది. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. ట్యాంకును తట్టాను, స్టార్టయింది. మర్నాడు మెకానిక్ షెడ్డులో పంపు మార్పించాను. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు, ఆ తర్వాత మళ్లీ అదే తంతు. కొత్త పంపు నాసిరకమేమోనని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. ఇంకా మంచి రకమని చెప్పింది తెచ్చి వేశాను. అది కూడా నెల తిరగకుండానే ఆగింది. మూడోసారి ట్యాంకు కిందికి సుత్తితో కాకుండా మల్టీమీటరుతో వెళ్లాను. పంపు ఎర్త్ వైరును (కరెంటు ఛాసిస్ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే తీగను) ట్యాంకు పక్కనే ఛాసిస్ అడ్డకమ్మికి బిగించిన బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా పట్టి ఉంది. ట్యాంకును కొట్టిన ప్రతిసారీ ఆ కమ్మి కూడా అదిరి, తుప్పు మధ్య ఎక్కడో ఇనుము ఇనుముకు తగిలి, పంపుకు కరెంటు అందేది. పంపు మార్చినప్పుడల్లా కొన్నాళ్లు బాగుండడానికి కారణం కూడా అదే: ట్యాంకు దించి ఎక్కించేటప్పుడు ఆ వైరు అటూ ఇటూ కదిలేది. మీ శీర్షికలో చెప్పిన పరీక్షే నన్ను తప్పుదారి పట్టించిందని నేను అంటున్నది ఇందుకే.

సుత్తి దెబ్బకు బండి ఎందుకు లేస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. పంపులో ఉన్నది చిన్న డీసీ మోటారు. దానిలో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి, అవి ఆనే రాగి చుట్టు (కమ్యుటేటరు) మీద కరెంటు అందని చోట ఆగినప్పుడు అదురుకు బ్రష్ ఒక వెంట్రుకవాసి కదిలి మోటారు తిరుగుతుంది. ఇది నిజం, అలాంటి పంపు రోజుల్లోనే పూర్తిగా ఆగిపోతుంది. కానీ అదే అదురు ట్యాంకు మీద వైర్లను కలిపే కప్లర్‌ను, అందులో కాలి వదులైన పిన్నును, పక్కనున్న ఎర్త్ బోల్టును కూడా కదిలిస్తుంది. ట్యాంకు చుట్టుపక్కల ఏదో ఒకటి సరిగా తగలడం లేదన్నంత వరకే ఆ దెబ్బ చెబుతుంది. అది పంపు లోపలో, బయటో తేల్చాల్సింది మీటరే.

పంపు చేసే పని గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. పాత కార్బురేటర్ బళ్లలో పంపు ఇంజిన్ పక్కనే ఉండేది. కామ్‌షాఫ్ట్ తోసే చిన్న లివరుతో డయాఫ్రం కదిలి 0.3 నుంచి 0.5 బార్ (ఒక బార్ అంటే సుమారు వాతావరణ ఒత్తిడి) ఒత్తిడితో పెట్రోలును పైకి పంపేది. విప్పి చూసుకోవచ్చు, చేత్తో ఆడించి చూడవచ్చు. కార్బురేటర్ బదులు పెట్రోలు చల్లే ఇంజెక్టర్లు వచ్చాక ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ కావలసి వచ్చి, పంపు ట్యాంకులోకి చేరింది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది, లోపలి భాగాలకు నూనెలా పనిచేసేదీ అదే. గాలి లోపలికి వెళ్లే దారిలోకి (ఇన్‌టేక్ పోర్టులోకి) చల్లే ఇంజెక్టర్లున్న ఇంజిన్లలో, మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి పంపే పైపు లేని రకానికి చాలావరకు 3.5 నుంచి 4.1 బార్, అంటే 50 నుంచి 60 పీఎస్ఐ దాకా కావాలి. ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటరుకు వాక్యూమ్ గొట్టం ఉన్న పాత రకంలో ఐడిలింగులో (యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు) అంతకంటే తక్కువగా ఉంటుంది. ఆ గొట్టం పీకితే సుమారు అర బార్ పెరగాలి. సరైన అంకె ఏ బండికి ఆ బండి వర్క్‌షాప్ మాన్యువల్లోనే చూసుకోవాలి, ఎందుకంటే ఒకదానికి సరిపోయే ఒత్తిడి ఇంకోదానికి లోపమవుతుంది.

ఇక పరీక్ష దగ్గరికి వస్తాను. బండి స్టార్ట్ కానప్పుడు మొట్టమొదట చూడాల్సింది ట్యాంకులో పెట్రోలు ఉందా లేదా అని. ఇది చిన్నతనంగా తోచవచ్చు గానీ, ఫ్లోటు ఇరుక్కుని పావు ట్యాంకు చూపించే ముల్లును నమ్మి పంపు విప్పినవారిని నేను చూశాను. కొంత పెట్రోలు పోసి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. తర్వాత, పక్కవారిని ట్యాంకు దగ్గర చెవి పెట్టమని చెప్పి ఇగ్నిషన్ ఆన్ చేయాలి. చాలా బళ్లలో సుమారు రెండు సెకన్లపాటు సన్నని మోటారు రొద వినిపించి ఆగుతుంది. ఇంజిన్ తిరగడం మొదలయ్యేదాకా కంప్యూటరు పంపును అంతవరకే నడిపిస్తుంది, ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగినప్పుడు పంపు పెట్రోలు పోస్తూనే ఉండకుండా ఈ ఏర్పాటు. ఆ రొద వినిపించినంత మాత్రాన పంపు బాగున్నట్టు కాదు, వినిపించనంత మాత్రాన పోయినట్టూ కాదు.

రొద లేనప్పుడు నేను ముందుగా ప్లగ్గుకు స్పార్క్ వస్తోందా అని చూస్తాను. స్పార్కూ లేక, పంపూ తిరగకపోతే రెండింటికీ ఉమ్మడి కారణం వెతకాలి. క్రాంక్ సెన్సర్ నుంచి సంకేతం రాకపోతే ఇంజిన్ తిరుగుతోందన్న సంగతే కంప్యూటరుకు తెలియదు. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు రెండు సెకన్లు తిప్పినా, ఆ తర్వాత పంపును ఆపేస్తుంది, స్పార్కు ఇవ్వదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు, బండి కంప్యూటరులోని వివరాలు చదివే స్కానరులో ఇంజిన్ వేగం సున్నా చూపిస్తుంటే ట్యాంకు జోలికి వెళ్లనే వద్దు. మెయిన్ రిలే (కరెంటు కలిపే ప్రధాన స్విచ్), ఇమ్మొబిలైజరు (సరైన తాళం చెవి కాకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కూడా ఇదే కోవలోకి వస్తాయి. కొన్ని పికప్‌లలో డ్యాష్‌బోర్డు కింద, పక్క సీటువారి కాళ్ల దగ్గర, గట్టి కుదుపు తగిలితే పంపును ఆపేసే స్విచ్ ఒకటి ఉంటుంది. గుంతలో పడ్డాక బండి ఆగితే దాని మీది బటన్ నొక్కి చూడాలి. స్పార్క్ బాగుండి పెట్రోలు మాత్రమే అందడం లేదని తేలినప్పుడే ఫ్యూజు, రిలే, వైర్లు, పంపు అనే వరసలోకి దిగాలి. ఇన్‌టేక్‌లోకి చేత్తో పెట్రోలు పోసి స్టార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి అది మానండి. బ్యాక్‌ఫైర్ అయితే ఆ మంట పోసినవారి ముఖం మీదికే వస్తుంది.

ఫ్యూజు, రిలే బాగున్నాక అసలైన కొలత మొదలవుతుంది. ఇక్కడే మంచి పనివారు కూడా పొరపాటు పడుతుంటారు. పంపు కప్లర్ ఊడదీసి, బండి వైపు పిన్నుల్లో మల్టీమీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. వైరింగ్ బాగుంది కాబట్టి లోపం పంపుదేనని తీర్పు ఇచ్చేస్తారు. నా బండి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. మీటరు లాక్కునే కరెంటు అత్యల్పం. ఒకే ఒక్క తీగ పోగు మిగిలిన వైరు గుండా కూడా, తుప్పు పట్టిన జాయింటు గుండా కూడా అది పూర్తి వోల్టేజి చూపిస్తుంది. పంపు నాలుగైదు ఆంపియర్లు లాగినప్పుడే ఆ జాయింటు అసలు రంగు బయటపడుతుంది. అందుకే కప్లర్ తగిలించి, పంపు నడుస్తుండగా, వైరు వెనుక నుంచి సన్నని పిన్ను దూర్చి కొలవాలి.

రెండు సెకన్లలో ఈ కొలత కుదరదు కాబట్టి పంపు రిలే తీసి, దాని సాకెట్‌లో 30, 87 అని గుర్తున్న రెండు టెర్మినళ్లను ఫ్యూజు ఉన్న వైరుతో కలిపితే పంపు ఆగకుండా నడుస్తుంది. ఎక్కడా పెట్రోలు కారడం లేదని రూఢి చేసుకున్నాకే ఈ పని చేయాలి. నేను ఆ రోజు అలా చేసి చూసిన అంకెలు ఇప్పటికీ నా డైరీలో ఉన్నాయి. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. పంపు రెండు పిన్నుల మధ్య 7.9 వోల్టులే. మిగతా 4.4 వోల్టులు ఎక్కడ పోయాయో వెతకడానికి మీటరు ఒక తీగను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోదాన్ని పంపు పాజిటివ్ పిన్ను మీద పెట్టాను: 0.3 వచ్చింది, ఫరవాలేదు. తర్వాత బ్యాటరీ నెగెటివ్‌కూ పంపు ఎర్త్ పిన్నుకూ మధ్య పెట్టాను: 4.1. ఆ వైపు పావు వోల్టుకు మించి పోకూడదు. నాలుగు ఆంపియర్లు పారే దారిలో ఒక్క ఓమ్ అడ్డు వచ్చినా నాలుగు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. ఎనిమిది వోల్టులతో తిరిగే పంపు రొద చేస్తుంది గానీ ఎత్తు ఎక్కే ఇంజిన్‌కు కావలసిన ఒత్తిడి తేలేదు. బోల్టు విప్పి, ఛాసిస్‌ను తెల్లగా మెరిసేదాకా గీకి, వైరు చివర కొత్త లగ్గు వేసి, పైన గ్రీజు పూసి బిగించాను. ఆ రోజు నుంచి ఆ చోట మళ్లీ ఇబ్బంది రాలేదు. పికప్‌కు ఈ జబ్బు కారు కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే చాలా పికప్‌లలో వెనుక తొట్టి కింద వైర్లు, కప్లర్లు, ఎర్త్ బోల్టులు నేరుగా చక్రాలు చిమ్మే బురదనీళ్ల దారిలో ఉంటాయి.

కరెంటు సరిగా అందుతోందని తేలితేనే ఒత్తిడి కొలవాలి. చాలా ఇంజిన్లలో ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం (రెయిల్) మీద, టైరు వాల్వులాంటి చిన్న మూతి ఉంటుంది. గేజి దానికి బిగించాలి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ముల్లు ఎంతవరకు లేచింది, పంపు ఆగాక ఎంతసేపు నిలిచింది అన్నవి రెండూ ముఖ్యమే. లేచిన ముల్లు క్షణాల్లో పడిపోతే పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే, పంపులోని చెక్ వాల్వు గాని, కారే ఇంజెక్టరు గాని, రెగ్యులేటరు గాని కారణం కావచ్చు. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం దీని లక్షణం.

ఒత్తిడి ఒక్కటే చూసి ఆగిపోవడం మరో పొరపాటు. అరిగిన పంపు నిలిపి ఉన్న బండిలో మంచి ఒత్తిడే చూపిస్తుంది, ఎందుకంటే ఐడిలింగులో ఇంజిన్ తాగేది చాలా తక్కువ. లోడు మీద ఎంత పోయగలదన్నదే ప్రశ్న. చాలా బళ్లకు 30 సెకన్లలో కనీసం అర లీటరు రావాలన్నది మెకానిక్‌లు పాటించే మోటు లెక్క. మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. పెట్రోలును బయటికి తీసి కొలవడం ప్రమాదంతో కూడిన పని, వేడి ఇంజిన్ దగ్గర అసలు కూడదు. దానికి బదులు నేను ఇష్టపడే పద్ధతి ఒకటి ఉంది: గేజికి పొడవాటి గొట్టం తగిలించి, బానెట్ సందులోంచి బయటికి తీసి, ముందు అద్దానికి బయటివైపున టేపుతో అంటించి, లోడుతో ఎత్తు ఎక్కుతూ, పక్కన కూర్చున్నవారిని చూడమనడం. గేజిని క్యాబిన్ లోపలికి మాత్రం తేకూడదు. గొట్టం ఊడితే పెట్రోలు మన ఒళ్లో పడుతుంది.

రెండేళ్ల తర్వాత నా బండి నిజంగానే పంపు పోయి ఆగినప్పుడు ఈ పద్ధతిలోనే పట్టుకున్నాను. మాన్యువల్ ప్రకారం 3.8 బార్ తగ్గకూడదు. ఐడిలింగులో ముల్లు 3.8 దగ్గరే ఉంది. ఎత్తు మొదలై యాక్సిలరేటరు తొక్కగానే 3కి, ఆ పైన 2కి జారి ఇంజిన్ కుదుపులిచ్చింది. వోల్టేజి చూస్తే 13.6 ఉంది. బయటి ఫిల్టరు కొత్తగా మార్చినదే. స్కానరులో, గాలీ పెట్రోలూ కలిసే మిశ్రమంలో పెట్రోలు తగ్గి అది పలచబడిందని చెప్పే పీ 0171 కోడ్ నిలిచి ఉంది. ఇన్ని సాక్ష్యాలు ఒకే వైపు చూపిస్తే తప్ప పంపు మార్చవద్దని నా విన్నపం. ఒక్క పీ 0171 కోడ్ చూసి మార్చడం కూడా తప్పే; గాలి గొట్టం చీలినా అదే కోడ్ వస్తుంది.

మార్చే పని గురించి మీ శీర్షిక ఒక్క మాటతో ముగించింది. ఆ పనిలో మనుషులకు ఒళ్లు కాలే ప్రమాదం ఉంది కాబట్టి కొంత వివరంగా రాయక తప్పదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల మీద పరుచుకుని గోతుల్లోకి, షెడ్డు మూలల్లోకి పాకుతుంది. సున్నా కంటే 40 డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు కూడా అంటుకోగల ఆవిరి పెట్రోలు నుంచి వస్తూనే ఉంటుంది. అందువల్ల ఈ పని ఆరుబయట, గాలి ఆడే చోట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక చేయాలి. గాజు బల్బు ఉన్న చేతిదీపం, గ్రైండరు, గ్యాస్ కటింగ్, బీడీ, సిగరెట్, సెల్‌ఫోను చార్జరు ఏవీ దరిదాపుల్లో ఉండకూడదు. తుప్పు పట్టి తిరగని బోల్టును గ్రైండరుతో కోసేద్దామనే ఆలోచన ట్యాంకు పక్కన రానే రాకూడదు. నూనె పోసి ఒక రాత్రి నానబెడితే పోయేది కాస్త సమయమే. చేతికందే దూరంలో మంటలార్పే పొడి సిలిండరు పెట్టుకోవాలి.

ముందు రెయిల్‌లో నిలిచిన ఒత్తిడి దించాలి. ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపాలి. నడవని బండికి రెయిల్ మూతి మీద గుడ్డ కప్పి మెల్లగా వదలాలి. ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి పక్కకు కట్టేయాలి. ట్యాంకులో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది; 60 లీటర్లున్న ట్యాంకును జాకీ మీద దించడమంటే లోపల అటూ ఇటూ ఊగే 45 కిలోల బరువును దించడం.

పికప్‌కు కారుకు లేని ఒక సౌకర్యం ఉంది. ట్యాంకు దించనక్కర లేకుండా, చాలా బళ్లలో వెనుక తొట్టినే లేపి పంపును పైనుంచి అందుకోవచ్చు. ఛాసిస్‌కు బిగించిన ఆరో ఎనిమిదో బోల్టులు, పెట్రోలు పోసే మూతి దగ్గరి స్క్రూలు, వెనుక లైట్ల కప్లరు, తొట్టికీ ఛాసిస్‌కూ మధ్యనున్న ఎర్త్ పట్టీ విప్పితే నలుగురు మనుషులు తొట్టిని వెనక్కి జరపగలరు. లేదా ఒక పక్క బోల్టులు పూర్తిగా తీసి, రెండో పక్కవి వదులు చేసి, ఒరగ లేపి గట్టి దుంగలు ఊతమివ్వవచ్చు. తొట్టిని జాకీ ఒక్కదాని మీద నిలిపి కిందికి చెయ్యి పెట్టకూడదు. నా మట్టుకు నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే ఇరుకు చోట వెల్లకిలా పడుకుని ముఖం మీద పెట్రోలు పడే బాధ ఇందులో లేదు, పైగా వైర్లు, ఎర్త్ బోల్టులు అన్నీ పగటి వెలుగులో కంటికి కనిపిస్తాయి. తొట్టి మీద ఇనుప చట్రమో, పైకప్పో బిగించి ఉంటే మాత్రం ట్యాంకు దించక తప్పదు.

పంపు పైభాగం కనిపించగానే విప్పడానికి తొందరపడకూడదు. అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి, ఇసుక ఉంటాయి. బ్రష్‌తో తోమి, గాలి కొట్టి, తడిగుడ్డతో తుడిచాకే, పంపును ట్యాంకుకు పట్టి ఉంచే తాళం రింగు కదపాలి. లోపల పడిన ఒక్క చిటికెడు ఇసుక కొత్త పంపు ఆయుష్షును తగ్గిస్తుంది. తాళం రింగును ఇనుప ఉలితో కొడితే రవ్వ లేచే ప్రమాదం ఉంది, ఇత్తడి ముక్కతోనో, దానికని చేసిన పనిముట్టుతోనో తిప్పాలి. ప్లాస్టిక్ పైపుల క్లిప్పులు విరగకుండా, పైపులు ఏది ఎటు ఉందో, పంపు ఏ దిక్కుకు తిరిగి ఉందో ఫొటో తీసుకోవడం మంచిది. పంపు అసెంబ్లీని నిటారుగా లాగకుండా కొద్దిగా ఒరగదీస్తూ తీస్తే ఫ్లోటు తీగ వంగదు. అది వంగితే ఆ పైన పెట్రోలు ముల్లు ఎప్పటికీ అబద్ధమే చెబుతుంది.

పాతది బయటికి వచ్చాక నేను చేసే మొదటి పని దాని అడుగున్న జాలీని తెల్లగుడ్డ మీద దులపడం. ఆ రోజు నా బండి జాలీ శుభ్రంగానే ఉంది. కప్లరులో మాత్రం ఒక పిన్ను చుట్టూ తెల్లని ప్లాస్టిక్ టీ మరకలా గోధుమరంగుకు తిరిగి, కాస్త కరిగి ఉంది. అరిగిన మోటారు ఎక్కువ కరెంటు లాగి పిన్నును వేడెక్కించిందో, వదులైన పిన్నే వేడెక్కిందో చెప్పడం కష్టం, కానీ ఆ కప్లరును అలాగే కొత్త పంపుకు తగిలిస్తే కొద్దినెలల్లో మళ్లీ అదే దుస్థితి. చాలా కొత్త పంపులతో వైరు ముక్క ఉన్న కొత్త కప్లరు వస్తుంది. దాన్ని మెలిపెట్టి టేపు చుట్టకుండా, సరైన క్రింపింగుతో కలిపి, నీరు దిగని ష్రింక్ గొట్టం వేయాలి. జాలీలో ఎర్రని తుప్పుపొడి కనిపిస్తే ట్యాంకును కడిగించకుండా, లేదా మార్చకుండా కొత్త పంపు వేయడం వృథా.

మొత్తం అసెంబ్లీ కాకుండా లోపలి మోటారు ఒక్కటే మార్చేవారు ఉంటారు. తప్పేమీ లేదు, అయితే అందులోని చిన్న రబ్బరు గొట్టం విషయంలో జాగ్రత్త పడాలి. బయట వాడే పెట్రోలు గొట్టం లోపలి పొర మాత్రమే పెట్రోలును తట్టుకుంటుంది. ట్యాంకులో మునిగి ఉంటే దాని పైపొర ఉబ్బి చీలిపోతుంది. మునిగి ఉండేందుకని చేసిన ఎస్ఏఈ 30ఆర్10 రకం గొట్టమే వేయాలి. అది చీలిన బండికి మంచి పంపు ఉన్నా ఒత్తిడి రాదు, అప్పుడు మళ్లీ నేరం పంపు మీదే పడుతుంది.

బిగించేటప్పుడు పాత సీలు మళ్లీ వాడకూడదు; పెట్రోలుకు ఉబ్బిన రబ్బరు గాడిలో సరిగా కూర్చోదు. సీలు బదులు సిలికాన్ పేస్టు పూయడం ఇంకా తప్పు, పెట్రోలుకు అది మెత్తబడి ముక్కలై లోపల పడుతుంది. పైపులు టక్కుమని కూర్చున్నాక ఒక్కసారి వెనక్కి లాగి చూడాలి. కొత్త పంపును బల్ల మీద పొడిగా తిప్పి చూడాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది. పెట్రోలు లేకుండా తిరిగిన ఆ కొద్ది క్షణాల్లోనే లోపలి భాగాలు గీసుకుపోతాయి.

తొట్టి వెనక్కి బిగించక ముందే పరీక్ష చేయాలి. కొంత పెట్రోలు పోసి, బ్యాటరీ తగిలించి, సెల్ఫ్ కొట్టకుండా ఇగ్నిషన్ రెండేసి సెకన్లు మూడు నాలుగు సార్లు ఆన్ చేస్తే పైపులు నిండుతాయి. ప్రతి జాయింటునూ టార్చితో చూసి, తడి లేదని తేలాకే స్టార్ట్ చేయాలి. గేజి మీద ఒత్తిడి, పంపు పిన్నుల దగ్గర వోల్టేజి మరోసారి కొలిచి రాసిపెట్టుకుంటే రేపటికి అదే మన కొలమానం. పైన ఉన్న సీలు కారేది ట్యాంకు నిండినప్పుడే, కాబట్టి తర్వాత నిండా పోయించి వాసన వస్తోందేమో చూడడం కూడా ఈ పనిలో భాగమే.

తక్కువ పెట్రోలుతో నడిపితే పంపు కాలిపోతుందన్న మాట గురించి. చాలా పంపులు ట్యాంకులోనే ఒక చిన్న కుండలాంటి దానిలో కూర్చుని ఉంటాయి, అది నిండుగా ఉండే ఏర్పాటు కూడా ఉంటుంది, అందువల్ల ఒకసారి రిజర్వులోకి వచ్చినంత మాత్రాన భయపడనవసరం లేదు. కానీ రోజూ అడుగంటేదాకా నడిపి, అప్పుడప్పుడు పూర్తిగా ఎండబెట్టే బండిలో పంపు వేడెక్కడం, గాలి మింగి పొడిగా తిరగడం నిజం. పావు ట్యాంకు తగ్గకుండా చూసుకుంటే నష్టమేమీ లేదు.

డీజిల్ పికప్‌లకు ఈ ఉత్తరంలోని అంకెలు వర్తించవని స్పష్టంగా చెప్పాలి. కామన్ రెయిల్ డీజిల్‌లో ఒత్తిడి 1,600 బార్, కొన్నింటిలో అంతకు మించి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపు నట్టు వదులు చేస్తే చిమ్మే సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అలాంటి గాయం పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దానికి శిక్షణ పొందినవారి చేతే పని చేయించుకోవాలి.

సంపాదకుల వారికి నా మనవి ఏమిటంటే, ఆ శీర్షికలో ఒక సవరణ వేయండి. సుత్తితో తట్టడం బండిని ఇల్లు చేర్చడానికే తప్ప పంపు పోయిందని తేల్చడానికి కాదని, పంపు నడుస్తుండగా పిన్నుల దగ్గర వోల్టేజి, ఆ తర్వాత లోడు మీద ఒత్తిడి కొలవకుండా పంపు మార్చవద్దని రెండు వాక్యాలు చాలు. బండ్ల తయారీదారులకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట చెప్పాలని ఉంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో తలుపు పక్కన అంటించే కాగితం మీద, రెయిల్‌లో ఉండాల్సిన ఒత్తిడిని కూడా ఒక వరుసలో ముద్రించండి. కొత్త ఇంజిన్ల నుంచి తీసేస్తున్న ఆ గేజి మూతిని మళ్లీ పెట్టండి. అది లేని బండిలో కొలవడానికి పైపు విప్పాల్సి వస్తోంది, విప్పడానికి జంకి చాలామంది కొలవకుండానే పంపు మార్చేస్తున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక పికప్ యజమాని, డ్రైవరు